"నేనే రాజును" అన్న మొదటి మనిషి

మీరు బడి వార్షికోత్సవంలో వేషం వేసే ఉంటారు. గడ్డం అంటించుకుని, "నేను అక్బరు పాదుషాను" అని ఉంటారు. అబద్ధమాడారని ఎవరూ మిమ్మల్ని కోప్పడి ఉండరు. కాని మొట్టమొదట ఈ పని చేసిన మనిషిని ఒక పెద్దాయన నిలదీశాడట!

ఇది 2500 ఏళ్ళకు పైబడిన మాట. గ్రీసు దేశంలోని ఏథెన్సు నగరంలో డయోనిసస్ అనే దేవుడికి ఉత్సవాలు జరిగేవి. ఈయన ద్రాక్షతోటలకు అధిదేవత. ఉత్సవంలో 50 మంది దాకా ఒక బృందంగా చేరి ఆడుతూ, పాడుతూ దేవతల కథలు చెప్పేవారు. రాజు యుద్ధానికి వెళ్ళాడనీ, రాజు ఏడ్చాడనీ చెప్పేవారే గాని, "నేనే రాజును" అనేవారు కారు.

ఆ మాట మొదట అన్నవాడు థెస్పిస్ అని చెబుతారు. ఆయన బృందంలోంచి విడిగా నిలబడి, గుడ్డతో చేసిన పెట్టుడు ముఖం తగిలించుకుని, కథలోని మనిషి తానే అయినట్టు మాట్లాడాడు. బృందం అడిగేది, ఆయన జవాబు చెప్పేవాడు. గ్రీకులు నటుణ్ణి "హుపొక్రితేస్" అన్నారు. జవాబు చెప్పేవాడని దాని అర్థం అంటారు.

ఏథెన్సుకు చట్టాలు రాసిన సోలన్ ముసలితనంలో ఈ ఆట చూశాడట. ఇంతమంది ముందు ఇన్ని అబద్ధాలాడడానికి సిగ్గులేదా అని థెస్పిస్‌ను అడిగాడు. ఆటలో ఆడితే తప్పేమిటన్నాడు థెస్పిస్. సోలన్ చేతికర్రను నేలకేసి కొట్టి, దీన్ని మెచ్చుకుంటూ పోతే రేపు మన ఒప్పందాలలోకి కూడా అబద్ధం వచ్చిపడుతుందన్నాడు. ఈ సంగతి రాసిన ప్లుటార్క్ 600 ఏళ్ళ తరవాత పుట్టినవాడు గనక ప్రతి మాటా నిజమని నమ్మనక్కర్లేదు. అయినా చిత్రం చూడండి: కపటిని ఇంగ్లీషులో "హిపోక్రిట్" అంటారే, ఆ మాట పుట్టింది "హుపొక్రితేస్" నుంచే!

నాటకం మాత్రం ఆగలేదు. ఈస్కిలస్ అనే కవి రెండవ నటుణ్ణి తెచ్చాడు. దాంతో రంగం మీద ఇద్దరు వాదించుకోవటం సాధ్యమయింది. తరవాత సోఫోక్లిస్ మూడవవాణ్ణి చేర్చాడు. పెట్టుడు ముఖాలు మార్చుకుంటూ వీరే అన్ని పాత్రలూ వేసేవారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళవే.

క్రీ. పూ. 480లో పారశీక సైన్యం ఏథెన్సును తగలబెట్టింది. ఆ ఏడే సలామిస్ దగ్గర సముద్రం మీద గ్రీకులు పారశీకులను ఓడించారు. 8 ఏళ్ళు గడిచాక ఈస్కిలస్ "పారశీకులు" అనే నాటకం ఆడించాడు. అందులో గ్రీకు పాత్ర ఒక్కటీ లేదు! ఊరు తగలబడటం కళ్ళారా చూసినవాళ్ళు, ఆ యుద్ధంలో అయినవాళ్ళను పోగొట్టుకున్నవాళ్ళు వచ్చి కూచున్నారు. ఓడిపోయిన శత్రురాజు తల్లి కొడుకు కోసం తల్లడిల్లటం చూశారు. ఆ తల్లి ముఖం వెనక మాట్లాడుతున్నది ఒక గ్రీకు మగవాడేనని వారందరికీ తెలుసు.

ఆ ఏడు మొదటి బహుమతి ఈస్కిలస్‌కే ఇచ్చారు.