ఇల్లూ వాకిలీ: గుర్రుమన్న కుక్కని కొట్టకండి

కిందటిసారి మాగాయ ముక్కలు ఎండబెట్టడం గురించి రాస్తూ, కాకులు వాలకుండా మా జిమ్మీని డాబా మీద కాపలా ఉంచానని ఓ మాట అన్నాను. అంతే, ముగ్గురు నలుగురు సోదరీమణులు ఉత్తరాలు రాశారు. ‘మీ ఇంట్లో కుక్క ఉందా? పిల్లలు తిరిగే ఇంట్లో పెంచొచ్చా?’ అని అడిగారు. ఒకావిడైతే ‘మావాడు కుక్కపిల్ల కావాలని రెండు రోజులుగా అన్నం మానేశాడు, ఏం చెయ్యమంటారు?’ అని రాసింది. అంచేత ఈసారి వంటిల్లు కాస్త పక్కన పెట్టి, వసారాలో కూచుని మాట్లాడుకుందాం. ముందుగా మా ఇంట్లో జరిగిన ఓ సంగతి చెప్తాను. గొప్పగా చెప్పుకునేది కాదు. అయినా చెప్తాను, ఎందుకంటే అందులో తప్పు నాది.

జిమ్మీ జాతి కుక్కేం కాదు. వానాకాలంలో వీధి చివర కాలవ గట్టున వణుకుతుంటే మా రెండోవాడు చొక్కాలో పెట్టుకుని తెచ్చాడు. ‘దీన్ని లోపలికి రానిస్తే నేను మడి కట్టుకునేదెట్లా?’ అని మా అత్తయ్యగారు గోల పెట్టారు. పదిరోజులు తిరక్కుండా ఆవిడే పెరుగన్నం కలిపి ‘జిమ్మీ, జిమ్మీ’ అని పిలవడం మొదలెట్టారు.

2022 వేసవి సెలవులకి మా ఆడపడుచు కొడుకుని తీసుకుని వచ్చింది. వాడికప్పుడు అయిదేళ్ళు. వచ్చిన మూడోరోజు మధ్యాహ్నం భోజనాలయ్యాక మేమంతా లోపల నడుం వాల్చాం. జిమ్మీ వసారాలో మంచం కింద కొబ్బరిచిప్ప కొరుక్కుంటోంది. పిల్లవాడు మంచం కిందికి పాకి ఆ చిప్ప లాగబోయాడు. ఒక్క కేక వినిపించింది. వెళ్ళి చూసేసరికి వాడి బొటనవేలి దగ్గర రెండు పళ్ళు దిగి రక్తం కారుతోంది.

అత్తయ్యగారు పసుపు డబ్బాకి పరుగెత్తారు. పక్కింటి పెద్దావిడ ‘కారం అద్దండమ్మా, విషం లాగేస్తుంది’ అంది. ఆ రోజు నేను చేసిన మంచిపని ఒక్కటే. ఎవరి మాటా వినకుండా పిల్లవాణ్ణి ఎత్తుకెళ్ళి, కుళాయి ధారగా వదిలి, బట్టల సబ్బుతో ఆ చెయ్యి గడియారం చూసుకుంటూ పావుగంట కడిగాను. వాడు ఏడుస్తూనే ఉన్నాడు, నేను కడుగుతూనే ఉన్నాను. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం.

‘పెంపుడు కుక్కేనా? టీకా వేయించారా?’ అనడిగారు డాక్టరుగారు. ‘వేయించామండీ’ అన్నాను ధీమాగా. మావారు ఇంటికెళ్ళి బీరువాలోంచి పశువుల ఆసుపత్రి పుస్తకం తెచ్చారు. మళ్ళీ వేయించాల్సిన తేదీ మార్చిలో ఉంది. అప్పటికి మే నెల. పిల్లల పరీక్షలు, ఆవకాయ పనులు, ‘వచ్చే వారం చూద్దాంలే’ అని నేనే వాయిదా వేశాను. మా ఆడపడుచు ఏమీ అనలేదు. ఆ పుస్తకం వంక ఓసారి, నా వంక ఓసారి చూసింది. నాలుగు తిట్టినా బాగుండేది.

పిల్లవాడికి ఆ రోజే టీకా మొదలుపెట్టారు. రక్తం వచ్చిన గాయం కనక గాయం చుట్టూ ఇంకో మందు కూడా వేశారు. మామయ్యగారు ‘ఆ కుక్కని ఊరి బయట వదిలేసి రండి’ అన్నారు. డాక్టరుగారే వద్దన్నారు. పిచ్చి ఉన్న కుక్క లాలాజలంలో ఆ క్రిమి చేరాక కొద్ది రోజుల్లోనే జబ్బు బయటపడి అది చచ్చిపోతుందిట. అంచేత కరిచిన కుక్కని పది రోజులు కనిపెట్టుకుని ఉండాలి. వదిలేసి వస్తే కనిపెట్టేదెవరు?

ఆ పది రోజులూ నేను పడ్డ బాధ పగవాళ్ళకి కూడా వద్దు. పొద్దున్నే లేచి ముందు జిమ్మీ నీళ్ళు తాగుతోందా లేదా అని చూసేదాన్ని, తర్వాతే పాలు పొయ్యి మీద పెట్టేదాన్ని. దేవుడి దయవల్ల దానికేం కాలేదు. పిల్లవాడికీ ఏం కాలేదు.

అది చెప్పింది, మనం వినలేదు

తర్వాత జిమ్మీని పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే ఆయన ఓ ప్రశ్న వేశారు. ‘ఇదివరకు తినేటప్పుడు దగ్గరికెళ్తే గుర్రుమనేదా?’ అనేదండీ, అన్నాను. ‘మరి మీరేం చేసేవారు?’ చీపురుతో ఒక్కటిచ్చేదాన్ని, అన్నాను. నెల తిరిగేసరికి గుర్రుమనడం మానేసింది, బుద్ధి వచ్చిందనుకున్నాను.

‘బుద్ధి రాలేదమ్మా, చెప్పడం మానేసింది’ అన్నారాయన.

ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. కుక్కకి నోరు లేదు. గుర్రుమనడమే దాని మాట, ‘నాకు ఇష్టం లేదు, ఇంకా దగ్గరికి రాకు’ అని చెప్పడమే. ఆ మాట చెప్పినందుకు దెబ్బ పడితే, చెప్పకుండా తిన్నగా కరుస్తుంది. ఆవేళ పిల్లవాడు మంచం కింద దూరితే అది గుర్రుమని ఉంటే వాడు భయపడి వెనక్కొచ్చేవాడేమో! ఆ గుర్రుని చీపురుతో చంపింది నేనే.

గుర్రుమనడానికి ముందు కూడా అది చాలా చెప్తుంది. నిద్రమత్తేమీ లేకుండానే ఆవలిస్తుంది. తిండేమీ లేకుండానే పెదాలు నాక్కుంటుంది. మొహం అటు తిప్పుకుని కళ్ళు మాత్రం ఇటు పెడుతుంది, అప్పుడు కంటి తెల్లగుడ్డు కనిపిస్తుంది. చెవులు వెనక్కి వాలుస్తుంది. తోక కాళ్ళ మధ్య దూర్చుకుంటుంది. ఇవన్నీ భయానికీ ఇబ్బందికీ గుర్తులు. అన్నిటికన్నా ముఖ్యం, ఆడుతున్నది ఉన్నట్టుండి బిగుసుకుని కదలకుండా ఉందంటే, చెయ్యి తీసెయ్యాల్సిన క్షణం అదే.

తోక ఊపితే ప్రేమే అని మనమంతా అనుకుంటాం. అన్నివేళలా కాదు. ఒళ్ళంతా వదులుగా, నడుం కూడా ఊగేలా ఊపితే సంతోషం. తోక పైకి నిక్కబెట్టి, కట్టెలా బిగించి, కొస మాత్రం ఆడిస్తుంటే అది ప్రేమ కాదు, జాగ్రత్త పడాలి.

పిల్లలకి నేర్పవలసినవి

ఎంత మంచి కుక్క అయినా చిన్నపిల్లల్ని దానితో ఒంటరిగా వదలకండి. ‘మాది ఏమీ అనదండీ’ అనే ఇల్లాళ్ళలో నేనూ ఒకదాన్ని. ఏమీ అనదు, అనే రోజు వచ్చేదాకా.

తింటున్న కుక్క దగ్గరికీ, నిద్రపోతున్న కుక్క దగ్గరికీ, ఈనిన కుక్క దగ్గరికీ వెళ్ళకూడదని పిల్లలకి రోజూ చెప్పండి. మెడ కౌగిలించుకోవడం, తోక లాగడం, మీదెక్కడం వద్దు. మనకి కౌగిలింత ముద్దు, కుక్కకి పట్టేసినట్టు ఉంటుంది. ముట్టుకోవాలంటే మనం దాని దగ్గరికి పోకూడదు, పిలిచి అదే రానివ్వాలి. వస్తే నెత్తి మీద కాకుండా గదవ కిందో, ఛాతీ మీదో నిమరాలి. రాకపోతే ఊరుకోవాలి. దానికీ ఓ మూల, ఓ గోనెపట్టా ఉండాలి. ఆ మూలకి వెళ్ళిందంటే ఎవరూ కదపకూడదు.

వీధికుక్క మీదికొస్తే పరుగెత్తకూడదు. పరుగెత్తేదాన్ని తరమడం దాని స్వభావం. చెట్టులా నిలబడి, చేతులు ఒంటికి ఆనించుకుని, దాని కళ్ళల్లోకి చూడకుండా మెల్లిగా వెనక్కి జరగాలి. ఒకవేళ కింద పడితే ముడుచుకుని, చేతులతో మెడా చెవులూ కప్పుకోవాలి. మా పిల్లలకి ఇది ఆటలాగా నేర్పించాను. నేను ‘కుక్క!’ అంటే వాళ్ళు చెట్టయిపోవాలి.

వీధికుక్క ఒక చెవి కొస గాటు పెట్టి ఉంటే దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశారని గుర్తు. ఆపరేషన్‌తోపాటు పిచ్చికుక్క జబ్బు టీకా కూడా వేసి, పట్టిన చోటే వదలాలని మన దేశంలో 2001లో నిబంధనలు వచ్చాయి, 2023లో వాటిని తిరగరాశారు. మీ వీధిలో కుక్కలు పెరిగిపోతుంటే రాళ్ళు విసరడం కాదు, నలుగురూ కలిసి మునిసిపాలిటీకి అర్జీ పెట్టండి. రాయి దెబ్బ తిన్న కుక్క మనిషి చెయ్యెత్తితే చాలు, మీదికొస్తుంది.

కరిస్తే ఏం చెయ్యాలి

పిచ్చికుక్క జబ్బు లక్షణాలు ఒకసారి మొదలైతే మనిషి బతకడం దాదాపు లేదు. కానీ ముందుగా జాగ్రత్తపడితే అది రానే రాదు. ఈ రెండు మాటలూ కలిపి గుర్తుంచుకోండి.

సబ్బుతో పావుగంట కడగమనడం ఊరికే కాదు. ఆ క్రిమి చుట్టూ కొవ్వుతో చేసిన పొర ఉంటుంది. జిడ్డు గిన్నెని సబ్బు వదిలించినట్టే ఆ పొరని కూడా సబ్బు విరగ్గొడుతుంది. పసుపు, కారం, సున్నం, కాఫీపొడి, ఉల్లిపాయ ఏదీ పెట్టొద్దు. అవి గాయాన్ని రేపి, క్రిమి లోపలికి పోవడానికి దారి చేస్తాయి. గట్టిగా కట్టు కూడా కట్టొద్దు. మంత్రాలకీ, ఆకుపసర్లకీ పోయి రోజులు పోగొట్టుకోవద్దు. రక్తం రాకుండా గోరు గీరుకున్నా డాక్టరుకి చూపించాల్సిందే.

మా అత్తయ్యగారు ‘పసివాడికి బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజక్షన్లా!’ అని ఏడ్చారు. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004 ఆఖరుకే ఆపేశారు. ఇప్పుడు పొట్టకి వెయ్యరు, చేతికే వేస్తారు. మొదటి రోజుని సున్నాగా లెక్కపెట్టుకుని 0, 3, 7, 28 రోజుల్లో చర్మానికి వేసే పద్ధతి ఒకటి. 0, 3, 7, 14, 28 రోజుల్లో కండకి వేసే పద్ధతి ఇంకొకటి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగానే వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే చుట్టూ వేసే మందు గురించి మీరే అడగండి. ‘నొప్పి తగ్గింది కదా’ అని మధ్యలో డోసులు మానకండి.

పెంచాలనుకుంటే

అన్నం మానేసిన బాబుగారి అమ్మకి నా జవాబు ఇదీ. కుక్కపిల్ల బొమ్మ కాదు, పదీ పన్నెండేళ్ళు ఇంట్లో ఉండే ప్రాణి. పొద్దునా సాయంత్రం తిప్పేదెవరు, ఊరెళ్తే చూసేదెవరు అని ముందే తేల్చుకోండి. రోజంతా గొలుసుతో కట్టేసిన కుక్క చిరాకు పడి కరిచే కుక్క అవుతుంది. వీలు లేకపోతే ‘లేదు నాన్నా’ అనడమే మేలు. వాడు మూడోరోజు అన్నం తింటాడు.

తెచ్చుకుంటే ఇవి గుర్తుంచుకోండి:

1. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదటి టీకాలు, మూడో నెలలో పిచ్చికుక్క జబ్బు టీకా, తర్వాత డాక్టరు చెప్పిన తేదీకి మళ్ళీ మళ్ళీ. పెద్దదయ్యాక మూడు నెలలకోసారి నులిపురుగుల మందు.

2. చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష పెట్టకూడదు. పాయసంలో మిగిలిన కిస్మిస్ కూడా వద్దు. ఉడికిన కోడి ఎముకలు చీలికలై గొంతులో, పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పూ కారం వెయ్యకముందే దాని వాటా తీసేయండి.

3. జ్వరమనిపిస్తే మన మాత్రలు వెయ్యకండి. ప్యారాసిటమాల్ కూడా దానికి విషమవుతుంది.

4. కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక చాపి రొప్పి వేడి తగ్గించుకుంటుంది. ఎండాకాలం నీడా, గిన్నెడు చల్లటి నీళ్ళూ ఎప్పుడూ ఉండాలి. మధ్యాహ్నం వేడి నేల మీద తిప్పకండి. తలుపులు వేసిన కారులో వదలకండి.

5. దీపావళికి బయట కట్టేయకండి. దాని చెవులు మనకన్నా ఎక్కువ వింటాయి. లోపలి గదిలో ఉంచి ఫ్యానూ టీవీ పెట్టండి.

మా ఇంట్లో ఇప్పుడు జిమ్మీ టీకా తేదీ గ్యాసు పుస్తకం మీద, క్యాలెండరు మీద, వంటింటి తలుపు మీద మూడుచోట్ల రాసి ఉంటుంది. చూసినవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

ఆ వేసవి తర్వాత రెండు సంక్రాంతులు మా ఆడపడుచు పుట్టింటికి రాలేదు. ‘వాడికి పరీక్షలు వదినా’ అనేది. సంక్రాంతికి పరీక్షలేమిటని నేనూ అడగలేదు. 2025 సంక్రాంతికి వచ్చింది. పిల్లవాడు గుమ్మంలోనే ఆగి, ‘అత్తయ్యా, జిమ్మీ తింటోందా?’ అనడిగాడు. లేదు నాన్నా, అన్నాను. అప్పుడు మెట్టు మీద కూచుని, చెయ్యి చాపకుండా, ‘జిమ్మీ’ అని పిలిచాడు. అది కాసేపు ఆలోచించి, లేచి, ఒళ్ళంతా ఊపుకుంటూ వాడి దగ్గరికెళ్ళింది. మా ఆడపడుచు నా వంక చూసింది. ‘వదినా, కాఫీ పెడతావా?’ అంది.

వచ్చేవారం మళ్ళీ వంటింట్లోకే వెళ్దాం, చిక్కుడుకాయ కూర సంగతి చూద్దాం. ఈలోగా మీ ఇంట్లో కుక్క ఉంటే ఓసారి లేచి వెళ్ళి దాని టీకా పుస్తకంలో తేదీ చూడండి. తర్వాత చూద్దాంలే అనుకోకండి.