పూలు రాలితే తొట్టిని పారేయకండి

మేము చదివింది తమిళ బడిలో. తెలుగు అక్షరాలు ఇంట్లో నేర్చుకున్నవే. తప్పులుంటే సర్దుకొని చదవండి.

పోయిన మీటింగులో ఒక మాట వచ్చింది. ఉగాదికి పెద్దవాళ్లను సన్మానించేటప్పుడు శాలువాతో పాటు ఆర్కిడ్ తొట్టి ఇస్తున్నాము కదా, ఈసారి దాని బదులు స్టీలు డబ్బా ఇద్దామని. "ఫ్లాట్లలో వెలుతురు లేదు, వయసైనవాళ్లు చూసుకోలేరు, రెండు నెలల్లో చచ్చిపోతుంది" అన్నారు. వెలుతురు లేదన్నది నిజమే. చూసుకోలేరన్నదానికి మేము ఒప్పుకోము.

మేమిద్దరం పెరంబూరులో కింది అంతస్తులో ఉంటాము. కిటికీ తెరిస్తే మూడడుగుల్లో పక్కింటి గోడ. సంఘం ఇచ్చిన మొదటి తొట్టిని మేమే చంపాము. చీకటితో కాదు, నీళ్లతో. మల్లెచెట్టుకు పోసినట్టు రోజూ చెంబెడు పోశాము, వేళ్లు కుళ్లిపోయాయి. రెండోదానికి ఇప్పుడు నాలుగో ఏడు నడుస్తా ఉంది.

మనకు ఇచ్చేది ఫాలెనాప్సిస్ అనే రకం. అడవిలో చెట్టుకొమ్మను పట్టుకొని ఆకుల నీడలో పెరిగేది. బదనిక లాగా చెట్టు రసం తాగదు, పట్టుకొని ఉంటుంది, అంతే. అందుకే దానికి మన్ను వద్దు. బొగ్గు, చెట్టు బెరడు, కొబ్బరి డొక్క ముక్కలు చాలు. వేళ్లు బూడిదరంగుకు తిరిగితే దాహం. పచ్చగా ఉంటే ముట్టవద్దు. మా ఇంట్లో వారానికి ఒకసారి, ఎండాకాలంలో రెండుసార్లు పోస్తాము. అదీ పొద్దుటే. నడిమి మొవ్వులో నీళ్లు నిలిస్తే గుడ్డతో అద్ది తీసేయాలి. ఉప్పు బోరునీళ్లు దానికి పడవు, వాననీళ్లు పట్టి పెట్టుకుంటే మేలు.

ఇక వెలుతురు. మధ్యాహ్నం ఆకుల మీద అడుగు ఎత్తున చెయ్యి పెట్టండి. మసకగా నీడ పడితే చాలు. నీడే పడకపోతే ఆ కిటికీని నమ్మకండి. మేము 20 వాట్ల తెల్ల ఎల్‌ఈడీ ట్యూబు అడుగు పైన కట్టి, పొద్దున ఆరు నుంచి సాయంత్రం ఆరు దాకా వేస్తాము. నెలకు 7 యూనిట్లు అవుతుంది. రాత్రి ఆర్పేయాలి. రైల్వే ఆఫీసులో మేమూ ముప్పై ఏళ్లు ట్యూబులైటు కిందే బతికాము కదా! ఆకులు మరీ ముదురుపచ్చగా మారితే వెలుతురు చాలలేదని, ఎర్రబారితే ఎక్కువైందని అర్థం.

పూలు రెండు మూడు నెలలు నిలుస్తాయి. రాలగానే చచ్చిందని కుప్పలో వేస్తారు. అక్కడే తప్పు జరుగుతా ఉంది. మళ్లీ కాడ వేయటానికి కొన్ని వారాలు రాత్రి చల్లదనం కావాలి. మద్రాసులో అది దొరికేది మార్గళి, తై నెలల్లోనే. అప్పుడు రాత్రిపూట కిటికీ తెరిచి పెడతాము. ఒక ఏడు ఏమీ రాలేదు. మరుసటేడు కాడ కనబడిన రోజు మా ఇంటావిడ పక్కింటి వాళ్లను పిలిచి మరీ చూపించింది.

అందరికీ కుదరదు, ఒప్పుకుంటాము. చూపు తగ్గినవాళ్లు ఉన్నారు, పిల్లల దగ్గరికి బెంగళూరు పోయి మూడు నెలలు ఉండేవాళ్లు ఉన్నారు. వద్దన్నవాళ్లకు డబ్బానే ఇవ్వండి. కానీ అడగకుండా "వీళ్లవల్ల కాదు" అని మీరే తీర్మానం చేయకండి. వయసైనవాళ్లకు ఇంట్లో ఇప్పటికే ఎన్నో పనులు వద్దంటున్నారు. ఇది కూడానా?

ఇంకొక మాట. ఏర్కాడు టూరు పోయినప్పుడు చెట్ల మీదివి పీక్కొని రాకండి. ఊరి వేడికి అవి బతకవు, కొండకూ నష్టం. చూడాలంటే అక్కడే బొటానికల్ సర్వే వాళ్ల ఆర్కిడ్ తోట ఉంది.

మా సలహా ఇది. సంఘం హాలు వెనక గదిలో ఒక అలమర, ఒక ట్యూబు పెడదాము. పూలు రాలిన తొట్లు, ఊరికి పోయేవాళ్ల తొట్లు అక్కడ పెట్టవచ్చు. ట్యూబు ఖర్చు మాది. వారానికొకసారి నీళ్లు మేము పోస్తాము. ఎప్పుడు పోశామో రిజిస్టరులో రాసి పెడతాము, ఆ పని మాకు బాగా వచ్చు.

స్టీలు డబ్బాలు అందరి ఇళ్లలో ఉన్నాయి. పొద్దున లేవగానే పోయి చూడటానికి ఏదో ఒకటి ఉండాలి కదా. వచ్చే మీటింగులో ఒక చెయ్యి ఎత్తండి.