చొక్కాకి కొలత

కొన్నేళ్ళ కిందట, ధనుర్మాసం పెట్టిందంటే చాలు, మా వీధి అరుగు బట్టల కొట్టయిపోయేది. అరుగుమీద మూటలు, ముందుగదిలో మూటలు, ఆఖరికి నా పుస్తకాల బీరువా ముందు కూడా మూటలే. "ఈ ఇంట్లో మనుషులు మసలడానికి జానెడు చోటుంచుతారా, ఉంచరా?" అని మా ఆవిడ అడిగేది. "ఈ పదిరోజులూ ఓర్చుకో" అనేవాణ్ణి. ఆవిడ ఓర్చుకోవడమే కాదు, ఊడిన గుండీలన్నీ కుట్టేది కూడా ఆవిడే. ఈ సంగతి రాయమని ఆవిడ అడగలేదు గాని, రాయకపోతే ధర్మం కాదు.

మేం అయిదుగురు స్నేహితులం. నేను కాలేజీలో తెలుగు చెబుతాను. రెండో ఆయన మా లెక్కల మేష్టారు. మూడో ఆయనకి మందుల షాపు ఉంది. నాలుగో ఆయన బ్యాంకు ఉద్యోగం చేసి పెందరాళే రిటైరయ్యేడు. అయిదో ఆయనకి సొంత వ్యాను ఉంది. అదొక్కటే ఆయన అర్హత అని వేళాకోళం చేస్తాం గాని, ఆ వ్యానే లేకపోతే మా సేవ మా అరుగు దిగేది కాదు. పండక్కి మన ఇళ్ళల్లో అరిసెలు వేగుతూంటే సముద్రపొడ్డున ఉన్న పిల్లలకి కొత్తచొక్కా లేకపోవడమేమిటి, ఊళ్ళో నాలుగిళ్ళూ తిరిగి బట్టలు పోగుచేసి ఓడలరేవు తీసుకెడదాం అని 2016 సంక్రాంతికి సంకల్పం చెప్పుకున్నాం.

ఓడలరేవు చూడనివారికి చెబుతాను. అమలాపురం నుంచి అల్లవరం మీదుగా కొబ్బరితోటల్లోంచి వెడితే, దారి అయిపోయి సముద్రం మొదలయ్యే చోట ఉంటుంది. గోదావరి పాయల్లో వైనతేయ అక్కడే సముద్రంలో కలుస్తుంది. ఏటికి అవతల కరవాక. పేరుకి ఓడలరేవే గాని, ఒడ్డున కనిపించేవి వేటపడవలు. ఒకపక్క ఓ.ఎన్.జి.సి. వారి పెద్ద టెర్మినల్. సముద్రంలో తీసిన గ్యాసు అక్కడ ఒడ్డుకి చేరుతుంది. మరోపక్క వలలు బాగుచేసుకునే ఇళ్ళు, ఇసకలో ఎండే చేపలు. రెండూ ఒకే ఊళ్ళో ఉన్నాయంటే చూసినదాకా నమ్మకం కలగదు.

మొదటి ఏడు మా లెక్కల మేష్టారి లెక్క ప్రకారం 640 బట్టలు పోగయ్యేయి. అవి ఎలాటివని అడక్కండి. జిప్పులేని పాంట్లు, చంకలో చిరిగిన జాకెట్లు, ఎవరిదో పెళ్ళినాటి సూటు. ఒక పెద్దమనిషి తన వకీలు కోటు ఇచ్చేరు. తెల్లవారుజామున వేటకి వెళ్ళేవాడు నల్లకోటు వేసుకుని ఎవరి తరపున వాదిస్తాడో మాకు తోచలేదు. ఇంకొకావిడ ఒకే కాలి చెప్పు మూటలో వేసి, రెండోది దొరికితే కబురు చేస్తానంది.

అయినా మా ఉత్సాహం తగ్గలేదు. ఓడలరేవులో గుడి ముందు షామియానా వేయించేం, మైకు పెట్టించేం. పేరు పిలవడం, ఆ మనిషి నలుగురిలోంచి లేచి రావడం, మేం అయిదుగురం కలిసి ఒక చీర పట్టుకోవడం. ఒక చీరకి పది చేతులు! ఆ పైన ఫొటో. ఇంటికి వచ్చి ఫొటోలు చూసుకుని, పుణ్యం చేసుకున్నామని తృప్తిగా పడుకున్నాం. మరుసటేడూ అంతే.

మూడో ఏడు, అంటే 2018 సంక్రాంతికి పదిరోజుల ముందు, పేర్లు రాసుకుందామని వెళ్ళేం. ఇసకలో చేపలు తిరగేస్తున్న ఒకావిడ నన్ను చూసి లేచి వచ్చింది.

"మేష్టారండీ, ఈసారి మావోడి పేరు రాయకండి."

"ఏమ్మా, పోయినేడు ఇచ్చిన చొక్కా సరిపోలేదా?"

"సరిపోయిందండి. కొలిచి కుట్టినట్టే ఉందండి. అదేనండి చిక్కు."

చిక్కేమిటో నెమ్మదిగా చెప్పింది. కుర్రాడు ఆ చొక్కా వేసుకుని బడికి వెళ్ళేడట. పక్క బెంచీ కుర్రాడు చూసి, "ఇది నాదిరా, జేబుమీద సిరా మరక నేను చేసిందే" అన్నాడట.

"ఆ పిల్లోడు ఎక్కిరించలేదండి. నవ్వేడంతే. మావోడు ఇంటికొచ్చి చొక్కా ఇప్పేసి మూల పడేసేడు, మళ్ళీ ముట్టలేదండి. పండక్కి కొత్తబట్ట లేకపోతే లేదనుకుంటాడు. ఇంకోడి చొక్కా అని బళ్ళో అందరికీ తెలిస్తే ఎలాగండీ?"

నాకు జవాబు తోచలేదు. ఆవిడే మళ్ళీ అంది: "ఏమీ అనుకోకండి. సాయం చెయ్యాలని ఉంటే, ఏట ఆపేసినప్పుడు రండి. పండగప్పుడు మాకు నాలుగు చేపలు పడతాయండి."

ఏట ఆపడమంటే, తూర్పుతీరంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవల వేట ఆపేస్తారు. సర్కారు వారు భృతి ఇస్తారు, నిజమే. కాని రెండునెలలపాటు పడవ ఒడ్డునే ఉంటుంది. ఆ రెండునెలలు ముగిసే వేళకే బళ్ళు తెరుస్తారు. నోటు పుస్తకాలు, సంచీ, చెప్పులు అన్నీ ఒక్కసారి వచ్చిపడతాయి. మూడేళ్ళుగా ఆ ఊరికి వెడుతున్నాం గదా, మాలో ఒక్కడికీ ఈ లెక్క తట్టలేదు. మా పంచాంగం ప్రకారం వెళ్ళేం గాని, వాళ్ళ పంచాంగం చూడలేదు.

తిరుగుదారిలో వ్యానులో పెద్ద రభస అయింది. మా లెక్కల మేష్టారు మండిపడ్డాడు. "దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచినట్టుంది వ్యవహారం! మూడేళ్ళలో రెండువేల బట్టలు చేరవేశాం. ఒక్క కుర్రాడు సిగ్గుపడ్డాడని మానేస్తామా?" అన్నాడు. మందుల షాపాయన ఆవిడ తరపు మాట్లాడేడు. మాటకి మాట పెరిగింది. అల్లవరం దాటేసరికి లెక్కల మేష్టారు, "అయితే మీరే చేసుకోండి" అని నోరు మూసుకున్నాడు. మూసుకున్న నోరు ఏడాది పైగా మాతో విప్పలేదు. ఇరవయ్యేళ్ళ స్నేహం!

నేను మాత్రం ఎటూ మాట్లాడలేదు. నాకు ఎప్పటిదో నా చొక్కా ఒకటి జ్ఞాపకం వచ్చింది.

1996లో నేను ఇంటరు చదువుతున్నాను. మాది ముమ్మిడివరం అవతల చిన్న పల్లె. నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకి దక్షిణాన తీరం దాటింది. తెల్లారి చూస్తే మా తాటాకిల్లు లేదు. ఊళ్ళో నిలబడి ఉన్న కొబ్బరిచెట్లు వేళ్ళమీద లెక్కకి వచ్చేయి. ఆ తుపానులో మొత్తం వెయ్యిమందికి పైగా పోయేరు. నాలుగోనాడు దీపావళి. దీపం పెట్టడానికి గుమ్మం ఉంటే గదా! ఆ రోజుల్లోనే ఎక్కడినుంచో బట్టల లారీ వచ్చింది. మా అమ్మ వరసలో నిలబడి నాకో చొక్కా తెచ్చింది. గట్టి చొక్కాయే. కాని కాలరు లోపల నల్లజీడితో పెట్టిన చాకలి గుర్తు ఉంది. అది ఉతికితే పోదు. ఎవరి ఇంటి గుర్తో తెలీదు, ఆ ఇంటివాళ్ళు ఎదురుపడే అవకాశమూ లేదు. అయినా కాలేజీకి వెళ్ళేటప్పుడు కాలరు చేత్తో నొక్కుకుని నడిచేవాణ్ణి.

ఆ లారీవారికి ఇవాళ్టికీ రుణపడి ఉన్నాను. ఆ చలికాలం ఆ చొక్కాయే నన్ను కాచింది. తుపాను వేళ ఒంటిమీదికి ఏది వచ్చినా అది ప్రాణం నిలిపే వస్త్రం. కాని పండగ వేరు. పండగనాడు ఇచ్చేది చలికి కప్పుకోడానికి కాదు, "నువ్వూ మా వాడివే" అని చెప్పడానికి. సంక్రాంతికి ఇంటికి వచ్చిన అల్లుడికి ఎవరైనా తాము వాడిన పంచె పెడతారా? పెడితే ఆ అల్లుడు కనుమదాకా ఉంటాడా? అల్లుడికి తప్పయినది జాలరి కుర్రాడికి ఒప్పెలా అవుతుంది? ఇంత చిన్న సంగతి నాకు తెలియక కాదు. మూటలు కట్టేవాణ్ణి అయ్యేసరికి, వరసలో నిలబడిన మా అమ్మని మరిచిపోయేను.

ఈ చిక్కు మనకొక్కళ్ళకే వచ్చింది కాదు. 1947లో అమెరికాలో లాస్ ఏంజలెస్‌లో బిల్ హెండ్రిక్స్ అనే సైనికాధికారి ఉండేవాడు. ఆయన భార్య గుడ్డబొమ్మ ఒకటి చేసి, క్రిస్మసుకి లేని పిల్లలెవరికైనా ఇప్పించమంది. ఆయన ఊరంతా వాకబుచేస్తే అలాటివి పంచే సంస్థ ఒక్కటీ దొరకలేదు. "అయితే మీరే పెట్టండి" అందావిడ. తోటి సైనికులని పోగుచేసుకుని ఆ ఏడే అయిదువేల బొమ్మలు పంచేడు. తరువాత అది దేశమంతా పాకింది. చాలా ఏళ్ళు పాతబొమ్మలే తెచ్చి, బాగుచేసి, రంగులేసి ఇచ్చేవారు. 1980 నుంచి పాతవి మానేసి కొత్తవే తీసుకుంటున్నారు. కారణాలు రెండుమూడు చెబుతారు. వాటిలో ఒకటి, ఒకరు ఆడి వదిలేసిన బొమ్మ చేతిలో పెట్టి, "నువ్వూ ఎవరికీ తీసిపోవు" అని పిల్లవాడితో చెప్పడం పొసగదని.

అంత దూరం పోనక్కరలేదు. మన కోనసీమలోనే లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు (1841–1909) ఉండేవారు. ఇప్పుడు మన రాష్ట్రంలో బడిపిల్లల మధ్యాహ్న భోజనం ఆవిడ పేరుమీదే నడుస్తోంది. 2024లో ఆ పేరు పెట్టేరు. ఆవిడని గురించి ఒక కథ చెప్పుకుంటారు. ఎన్నాళ్ళనుంచో అనుకోగా ఒకసారి అంతర్వేది నరసింహస్వామి దర్శనానికి బయలుదేరేరట. దారిలో ఎవరో, ఆకలితో ఏడుస్తున్న పిల్లలని, "ఇంకాస్త ఓర్చుకోండి, గన్నవరం చేరితే సీతమ్మగారు అన్నం పెడతారు" అని ఊరడించడం చెవిని పడింది. అంతే, యాత్ర మానేసి వెనక్కి తిరిగి, వాళ్ళకి వండిపెట్టేరట. నేను ఈ కథ క్లాసులో ఎన్నోసార్లు చెప్పేను. ఆవిడ తన ముహూర్తం వదులుకుని అవతలివాళ్ళ ఆకలివేళకి అందుకుందన్న సంగతి మాత్రం, ఇసకలో ఆ తల్లి మాట విన్నాకనే నాకు బోధపడింది.

మరుసటేడు పద్ధతి మార్చేం. పాతబట్టలు పండక్కి పనికిరావని తీర్మానించేం. బాగున్నవి వేరే నెలల్లో, అడిగినవారికి, అడిగినన్ని. పండక్కి పిల్లలకి మాత్రమే, కొత్తవే. ఇంటింటా బట్టలకి బదులు డబ్బు అడిగేం. పాతచీర నవ్వుతూ తెచ్చి ఇచ్చిన చెయ్యి నూరు రూపాయలనేసరికి లోపలికి పోవడం మామూలే, దానికి బెంగపెట్టుకోలేదు. ఓడలరేవులో ఆడవాళ్ళే పిల్లల జాబితా వేసేరు. ఆ ఊరి కుట్టుమిషను మీదే కొలత తీసి కుట్టించేం, కూలీ ఇచ్చేం. చొక్కా తిరస్కరించిన ఆ తల్లే ఒక సలహా చెప్పింది: "అందరికీ ఒక్క తాను చింపకండి. చూడగానే ఫలానావారిచ్చిన బట్టలని తెలిసిపోద్ది." ఎమ్మే చదివినవాడికి తట్టిన ఆలోచన కాదిది.

షామియానా లేదు, మైకు లేదు, ఫొటో లేదు. భోగికి ముందు ఎవరి చొక్కా వారింటికి చేరింది. అయితే ఆ ఏడు మా వ్యానులో ఒక సీటు ఖాళీగా వెళ్ళింది.

ఆ ఏప్రిల్లో ఒక సాయంత్రం లెక్కల మేష్టారు మా అరుగుమీద ప్రత్యక్షమయ్యేడు. పలకరింపు లేదు, క్షమాపణ అంతకంటే లేదు. జేబులోంచి కాగితం తీసేడు. "61 రోజులు వేట లేదు. బడి తెరిచేది జూన్ రెండోవారం. పిల్లకి ఆరు నోటు పుస్తకాలు, సంచీ, చెప్పులు వేసేను. ఆవిడ చెప్పింది లెక్కకి సరిపోయింది" అన్నాడు. మా ఆవిడ రెండు కప్పుల కాఫీ తెచ్చింది. చక్కెర తక్కువైందని ఆయన పాతరోజుల్లోలాగే ఆక్షేపించేడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇప్పుడు ఏటా రెండు ప్రయాణాలు: సంక్రాంతికొకటి, బడి తెరిచే ముందొకటి. "ఈసారి ఎన్ని పంచేరండీ?" అని ఊళ్ళో అడుగుతారు. "డెబ్భై" అంటే ముఖం చిన్నబుచ్చుకుంటారు. 640 నుంచి 70కి పడిపోయిన సేవ ఏం సేవ అని కాబోలు! అడిగినవారికి నేను చెప్పేది ఒక్కటే. మూట కట్టేముందు ఆ బట్ట పండగపూట మీ పిల్లాడికి తొడుగుతారేమో ఆలోచించండి. తొడగననిపిస్తే ఇల్లు తుడుచుకోడానికి ఉంచుకోండి, అదీ ఉపయోగమే.

కిందటి సంక్రాంతికి తిరుగుప్రయాణమవుతూంటే ఆ తల్లి కాగితపు పొట్లం ఒకటి తెచ్చి లెక్కల మేష్టారి చేతిలో పెట్టింది. ఎండు మెత్తళ్ళు. ఆయన జన్మలో చేప ముట్టినవాడు కాదు. "నేను తిననమ్మా" అనబోయి ఆగేడు.

"పండక్కి ఇంటికొచ్చినోళ్ళని ఒట్టిచేతుల్తో పంపుతామాండీ?" అందావిడ.

రెండు చేతులా పుచ్చుకున్నాడు. వాసనకి ముక్కు పక్కకి తిప్పుకుంటూనే అమలాపురం దాకా ఒళ్ళోనే పెట్టుకున్నాడు. దిగేముందు జమాఖర్చుల పుస్తకం తీసి, పదేళ్ళుగా "ఇచ్చినవి" అని మాత్రమే ఉన్న పేజీలో పక్కన గీత గీసి, "పుచ్చుకున్నవి: మెత్తళ్ళు, ఒక పొట్లం" అని రాసుకున్నాడు. ఆ తరువాత పొట్లం నాకు అప్పగించేడు. ఆ రాత్రి మా ఇంట్లో పులుసు బ్రహ్మాండంగా కుదిరింది.