కొత్తదానిపై మోపిన నేరం

కిందటి వేసవిలో విజయవాడలో మా అక్కయ్యగారింట్లో జరిగిన ఒక సంగతిని గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. బద్ధకం కొంత, సిగ్గు కొంత అడ్డుపడుతూ వచ్చాయి. బద్ధకం సంగతి మీకు తెలియనిది కాదు. సిగ్గు ఎందుకో పోనుపోను తెలుస్తుంది. ఇది ఒక కంప్యూటరు కథ. కంప్యూటరంటే తెలుగు అక్షరాలు కూర్చుకునే పెట్టె అని మాత్రమే ఎరిగిన నాబోటివాడు దాని లోపలి భాగాలను గురించి మాట్లాడబూనడం సాహసమే. కాని ఇందులో యంత్రం సంగతి సగమే. మిగతా సగం, మనం ఎవరిని ముందుగా అనుమానిస్తామన్నది.

మా మేనల్లుడు ఇంజనీరింగు మూడో సంవత్సరం చదువుతున్నాడు. రెండేళ్లపాటు చుట్టుపక్కల పిల్లలకు లెక్కలు చెప్పి కూడబెట్టిన డబ్బుకు మా బావగారు కొంత కలపగా, ఆటలాడుకునే కంప్యూటరు ఒకటి చేయించుకున్నాడు. ‘చేయించుకున్నాడు’ అనడమే సబబు. ప్రాసెసరు, మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై విడివిడిగా ఎంచుకుని, నగ చేయించుకునేవాళ్లు కంసాలి ఎదుట కూర్చున్నట్టు, దుకాణంలో దగ్గరుండి బిగింపించుకున్నాడు. ఇంటికి తెచ్చి, ఇదివరకటి కంప్యూటరు ఉన్న బల్ల మీదనే, అవే తీగలకు తగిలించాడు.

నాలుగో రోజు సాయంత్రం ఆట మధ్యలో అది ఠక్కున ఆగిపోయింది. నీలం తెర లేదు, హెచ్చరిక లేదు. మళ్లీ మీట నొక్కితే ఏమీ ఎరగనట్టు లేచింది. మర్నాడు ఉదయం మూడు గంటలు అదే ఆట ఆడినా ఆగలేదు. ఆ సాయంత్రం మాత్రం రెండుసార్లు ఆగింది.

నేను అప్పుడు వాళ్లింట్లోనే ఉన్నాను. ఇంట్లో విచారణ మొదలైంది. అంతసేపు ఆడితే వేడెక్కి ఆగదా అన్నారు బావగారు. అంత డబ్బు పోసి విడిభాగాలు కొనే బదులు పెద్ద కంపెనీవాళ్లు తయారుచేసినది కొనుక్కోవలసింది అంది అక్కయ్య. నేను ఇద్దరికన్నా ఒక అడుగు ముందుకు వేసి, “నువ్వే ఏదో కెలికి ఉంటావురా” అన్నాను. “నేనేమీ ముట్టుకోలేదు మామయ్యా” అన్నాడు వాడు. ఆ జవాబును మేమెవ్వరం లెక్కలోకి తీసుకోలేదు.

కంప్యూటరు ఆగిపోవడమన్నది ఒక్క జబ్బు కాదు, అనేక జబ్బులకు ఉమ్మడి లక్షణం. జ్వరం వంటిది. అయితే ఏ తీరున ఆగిందో గమనిస్తే దారి కొంత కనిపిస్తుంది. నీలం తెర కనబడి తిరిగి మొదలైతే మెమరీనో, డ్రైవర్లనో ముందుగా చూడాలి. ఆట క్రమంగా నత్తనడకన సాగి ఆ తరువాత ఆగితే వేడిని అనుమానించవచ్చు. ఏ సూచనా లేకుండా దీపం ఆర్పినట్టు ఆగితే, అన్నిసార్లూ కాకపోయినా చాలాసార్లు, విద్యుత్తు దారిలో వెతకాలి. విండోస్ తన దినచర్య పుస్తకంలో ఇటువంటి సందర్భాల్లో ‘కెర్నెల్-పవర్ 41’ అని ఒక పద్దు రాస్తుంది. దాన్ని చూసి కారణం దొరికిందని సంబరపడేవాళ్లు చాలామంది. నిజానికి దాని అర్థం, క్రితంసారి ఈ యంత్రం పద్ధతిగా మూతబడలేదు అని మాత్రమే. మరణ ధ్రువపత్రంలో ‘ప్రాణం పోయినందువల్ల మరణించెను’ అని రాసినట్టు.

ఇంకొక సంగతి. ఇలా ఆగిపోవడం చాలావరకు యంత్రం తన్ను తాను కాపాడుకునే ఉపాయం. 2001లో టామ్స్ హార్డ్‌వేర్ అనే పత్రికవారు నడుస్తున్న ప్రాసెసర్ల మీదనుంచి చల్లబరిచే లోహపు దిమ్మను ఊడదీసి ఏమవుతుందో దృశ్యం తీసి చూపించారు. పెంటియం 4 నెమ్మదించి బతికి బట్టకట్టింది. అథ్లాన్ క్షణాల్లో కాలి పొగలు చిమ్మింది. ఈనాటి ప్రాసెసర్లన్నీ వేడి హద్దుకు చేరగానే మొదట వేగం తగ్గించుకుంటాయి, అప్పటికీ చల్లబడకపోతే ఆగిపోతాయి. మంచి పవర్ సప్లైలు కూడా హద్దుమీరిన కరెంటు లాగితే తమను తాము కట్టేసుకుంటాయి. కనుక ఆగిపోయిన యంత్రాన్ని చూసి చచ్చిందనుకోనక్కరలేదు. అది దేనికి భయపడి ఆగిందన్నది అడగవలసిన ప్రశ్న.

మేము ఆ ప్రశ్న అడగలేదు. పెట్టెను దుకాణానికి మోసుకుపోయాం. వారు రెండు గంటలు నడిపి చూసి, “మా దగ్గర బాగానే ఉంది సార్” అన్నారు. అయినా మా తృప్తి కోసం ప్రాసెసరు మీది థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పూశారు. ఇంటికి వచ్చిన సాయంత్రమే ఆగింది. రెండోసారి మెమరీ పలకలు మార్చి, విండోస్ మళ్లీ ఎక్కించి పంపారు. ఆ విండోస్‌తోపాటు వాడు దాచుకున్నవి కొన్ని పోయాయి. మళ్లీ ఆగింది. మూడోసారి 750 వాట్ల పవర్ సప్లై తీసి 850 వాట్లది పెట్టారు. పైన కొన్ని వేలు కట్టాం. ఈసారి అయిదు రోజులు ఆగలేదు. దొంగ దొరికాడనుకున్నాం. ఆ అయిదు రోజులూ అకాల వర్షాలు కురిసి ఊరంతా చల్లబడిందన్న సంగతి ఎవరికీ తట్టలేదు. ఆరో రోజు ఎండ కాసింది. ఆ సాయంత్రం ఏడున్నరకు పెట్టె ఆగింది.

వాడు ఆ రాత్రి అన్నం తినలేదు. వాళ్ల నాన్న “అమ్మిపారేయరా” అన్నారు.

మర్నాడు వాడి గదిలో ఒక నోటుపుస్తకం నా కంటబడింది. మొదటి రోజునుంచీ ప్రతి ఆగుడూ అందులో రాసుకున్నాడు. తేదీ, గంట, ఏ ఆట, ప్రాసెసరు వేడి ఎంత, గ్రాఫిక్స్ కార్డు వేడి ఎంత. ఏ ఒక్క పద్దులోనూ వేడి 80 డిగ్రీలు దాటలేదు. బావగారి వాదం అక్కడితో వీగిపోయింది. నాకు కంప్యూటరు భాష రాదుగాని, ప్రూఫులు దిద్దిన చేయి కనుక, వరుసల్లో ఏది మళ్లీ మళ్లీ వస్తోందో చూడడం అలవాటు. పదిహేడు పద్దులున్నాయి. పదిహేడూ సాయంత్రం ఏడుకూ రాత్రి పదికీ మధ్యవే. ఉదయంపూట ఒక్కటీ లేదు. యంత్రానికి గడియారం చూసి ఆగవలసిన అవసరం ఏముంది? గడియారం చూసి మారేది ఊళ్లోని కరెంటు.

ఆ సాయంత్రం వాడు ఆడుతుంటే నేను పక్కన కూర్చుని, ఆట చూడకుండా, తక్కినవన్నీ చూశాను. ఎనిమిది గంటల వేళ ట్యూబులైటు ఒక్కసారి సన్నగిల్లింది. బల్ల కింద ‘టక్’మని చప్పుడైంది. పెట్టె ఆగింది. దానితోపాటు మానిటరు ముందున్న చిన్న దీపమూ ఆరిపోయి, కొన్ని సెకన్ల తరువాత తనంతట తానే వెలిగింది. పెట్టె లోపలి దోషమైతే మానిటరు దీపం ఎందుకు ఆరాలి? మానిటరుకు పెట్టెనుంచి వచ్చేది బొమ్మ మాత్రమే. కరెంటు వేరే తీగలో వస్తుంది. ఆ రెండు తీగలూ కలిసేది ఒక్కచోట, బల్ల కిందనున్న యూపీఎస్‌లో.

ఆరేళ్లనాటి యూపీఎస్ అది. ఇదివరకటి కంప్యూటరును ఎన్నో కరెంటు కోతలనుంచి కాపాడింది. దాని వీపు మీది చీటీ చదివాం. 600 వీఏ, పక్కనే చిన్న అక్షరాల్లో 360 వాట్లు. అంగళ్లలో పెద్దగా కనబడేది మొదటి అంకె. మోయగల బరువు చెప్పేది రెండోది. ఎలక్ట్రీషియన్ ఒకాయన వాట్లు కొలిచే మీటరు తెచ్చి పెడితే, ఊరికే ఉన్నప్పుడు పెట్టె, మానిటరు కలిసి 100 వాట్ల లోపే తీసుకుంటున్నాయి. ఆట మొదలుపెట్టగానే 450 దాటింది.

వివరం ఇది. ఇటువంటి చిన్న యూపీఎస్ మామూలు వేళల్లో గోడనుంచి వచ్చే కరెంటును దాదాపు అలాగే దాటవేస్తుంది. వోల్టేజి మరీ పడిపోయినప్పుడు లోపలి రిలే ‘టక్’మని కొట్టుకుని భారమంతా బ్యాటరీ మీదికి మారుతుంది. అప్పుడు 360 వాట్ల సత్తువ గలది 450 మోయవలసి వస్తుంది. మోయలేక, తాను కాలిపోకుండా, చేతులెత్తేస్తుంది. కరెంటు కుదుటపడగానే తిరిగి లేస్తుంది. వేసవి సాయంత్రాల్లో వీధివీధంతా ఏసీలు వేసుకునే వేళ మా అక్కయ్యవాళ్ల పేటలో వోల్టేజి తడబడుతుంది. ఆట లేకుండా వోల్టేజి పడితే యూపీఎస్ మోస్తుంది. వోల్టేజి పడకుండా ఆట సాగితే గోడ మోస్తుంది. రెండూ ఒక్కసారి కలిస్తేనే ప్రమాదం. దుకాణంలో గోడకు సూటిగా తగిలించి చూసినవారికి అది కనబడకపోవడంలో వింత లేదు. వారు అబద్ధం చెప్పలేదు. వారి దగ్గర నిజంగానే బాగుంది.

భారం ఎక్కువైనప్పుడల్లా అది కీచుమని కూస్తూనే ఉందట. వాడి చెవులకు హెడ్‌ఫోన్లు. అక్కయ్యకు వినిపించిందిగాని, పాతబడ్డ బ్యాటరీ గోల అనుకుని ఊరుకుంది. చెప్పవలసినది చెబుతూనే ఉన్నా, నమ్మకమున్న వస్తువు కనుక ఎవరూ దానివైపు తిరగలేదు.

నిర్ధారణకు వాడు పట్టుబట్టాడు. యూపీఎస్ తప్పించి, మరేదీ మార్చకుండా నాలుగు సాయంత్రాలు ఆడాడు. లైట్లు రెండుసార్లు సన్నగిల్లినా పెట్టె ఆగలేదు. అంతటితో తృప్తిపడక మళ్లీ యూపీఎస్‌కే తగిలించాడు. రెండో రోజు ఆగింది. ఆగినందుకు ఇంటిల్లిపాదీ సంతోషించిన సందర్భం అదొక్కటే. అయిదు రోజుల వర్షం మమ్మల్ని ఎలా మోసగించిందో వాడు మరిచిపోలేదు. మందు వేశాక జ్వరం తగ్గినంత మాత్రాన ఆ మందే తగ్గించిందని చెప్పలేం. మందు ఆపితే తిరిగి వచ్చిందా అన్నది కూడా చూడాలి.

ఇక నా అభిప్రాయం. విడిభాగాలు ఒక్కొక్కటే మార్చి చూడడం తప్పు పద్ధతేమీ కాదు. పరికరాలు తక్కువగా ఉన్న చిన్న దుకాణానికి అంతకన్నా దగ్గర దారి లేకపోవచ్చు. కాని ఒకేసారి రెండు మారిస్తే ఏది మందో తెలియదు. జబ్బు కనబడిన పరిస్థితులు తిరిగి కల్పించకుండా మారిస్తే ఏదీ తెలియదు. ఏ వేళ ఆగింది, ఏ తీగకు తగిలించారు, పక్కన ఇంకేమి ఆరింది అన్న మూడు ప్రశ్నలు మొదటి రోజే ఎవరైనా అడిగి ఉంటే, కొన్ని వేల రూపాయలూ మూడు వారాల మనస్తాపమూ మిగిలేవి. అమ్మేవారు అడగవచ్చు, కొనేవారూ అడగవచ్చు. ఈ పెట్టె ఎన్ని వాట్లు లాగుతుంది, దాన్ని దేనికి తగిలించబోతున్నారు అన్న ఒక్క మాట రసీదు రాసేటప్పుడు అనుకుంటే సరిపోతుంది. పవర్ సప్లై మీద 750 అని ఉంటే అది ఇవ్వగల గరిష్ఠ శక్తి. ఎప్పుడూ అంత తీసుకుంటుందని కాదు. అలాగని పాత యూపీఎస్ సరిపోతుందనీ కాదు.

దీన్ని మించి నన్ను బాధించినది మరొకటి. కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. ఏదైనా పాడైనప్పుడు మాత్రం మన ఇళ్లలో ఇది తిరగబడుతుంది. కొత్తగా వచ్చినదే నేరస్థురాలు. కోడలు వచ్చాకనే కదా ఈ గొడవలు అన్న పాత మాట యంత్రాలకూ వర్తిస్తుంది. కొత్తది వచ్చిన తరువాతే ఆగడం మొదలైందన్నది నిజమే. కాని నిన్నటిదాకా మోయనవసరం లేని బరువు ఇవాళ మీద పడితే పాతది కూలవచ్చునన్న ఆలోచన మనకు రాదు. ఆరేళ్లు కాపాడిన వస్తువును అనుమానించడం కృతఘ్నతలా తోస్తుంది. కంచే చేను మేసిందని ఆ యూపీఎస్‌ను నిందించను. అది మేయలేదు. తన శక్తికి మించిన చేను కాయవలసి వచ్చి ఒరిగిపోయింది, అంతే.

వస్తువులలో కొత్తదాన్ని అనుమానించినట్టే మనుషులలో చిన్నవాణ్ణి అనుమానించాం. ఇంట్లో నలుగురిలో ఆధారాలు కూడగట్టినవాడు వాడొక్కడే. నోరు నొక్కేసిందీ వాణ్ణే. “ఆ పుస్తకం మాకెందుకు చూపించలేదురా?” అని అడిగాను. “రెండోసారి దుకాణానికి వెళ్లినప్పుడు చూపించబోయాను మామయ్యా, మీరే ముందు ఆయన చెప్పేది విననీరా అన్నారు” అన్నాడు. అన్నాననే గుర్తుకు వచ్చింది. మొదట చెప్పిన సిగ్గు ఇదే. వాణ్ణి క్షమాపణ అడిగాను. మేనమామ అలా అడిగితే ఎలా తీసుకోవాలో తెలియక వాడు నవ్వి, మంచినీళ్లు తెస్తానని లేచి వెళ్లిపోయాడు.

ఇప్పుడు పెట్టెకు 1500 వీఏ, 900 వాట్ల యూపీఎస్ ఉంది. కొనేముందు చీటీ మీది రెండు అంకెలూ వాడే చదివాడు. పాతదాన్ని పారేయలేదు. కొత్త బ్యాటరీ వేయించి హాల్లో పెట్టారు. ఇంటర్నెట్ రౌటరునూ, అక్కయ్య చదువుకునే దీపాన్నీ హాయిగా మోస్తోంది. నేను మా ఊరు తిరిగి రాగానే నా బల్ల కింద వంగి, టార్చి వేసుకుని నా యూపీఎస్ చీటీ చదివాను. వీలైతే మీరూ ఒకసారి వంగి చూడండి. దాని మీద ఏమి రాసి ఉందో అన్నేళ్లలో ఒక్కసారీ నేను చదవలేదని అప్పుడే తెలిసింది.