పాఠం ఉచితమే, ఫోను ఎవరి చేతిలో?

మన పిల్లల ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో పాఠం పేరు దగ్గర నలుపు తెలుపు గళ్లతో ఒక చిన్న చతురస్రం అచ్చయి ఉంటుంది. దాన్ని క్యూఆర్ కోడ్ అంటారు. చాలా ఇళ్లలో తల్లిదండ్రులు అది పుస్తకం ధరకు సంబంధించిన గుర్తేదో అనుకుని పేజీ తిప్పేస్తుంటారు. ఫోనులో 'దీక్ష' అనే యాప్ పెట్టుకుని ఆ గళ్లకు ఎదురుగా పట్టుకుంటే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు, బొమ్మలు, అభ్యాస ప్రశ్నలు తెర మీదికి వస్తాయి. ఒకసారి దింపుకుంటే ఆ తర్వాత ఇంటర్నెట్ లేకపోయినా చూసుకోవచ్చు. ఇందుకు ఫీజు లేదు, చందా లేదు. 2017 సెప్టెంబరులో ప్రారంభమైన ఈ వేదిక ఈనాటికీ మన ముస్లిం మొహల్లాల్లో అనేకమందికి పరిచయం కాలేదంటే ఆ లోపం ప్రభుత్వానిది మాత్రమే కాదు.

దీక్ష ఒక్కటే కాదు. జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి తన పాఠ్యపుస్తకాలను ఇంగ్లీషు, హిందీలతో పాటు ఉర్దూలో కూడా ఉచితంగా అందుబాటులో ఉంచింది. తెలంగాణలో టీ-శాట్ పాఠాలు కేబుల్ ద్వారా, యాప్ ద్వారా వస్తున్నాయి. 2020లో ప్రకటించిన పీఎం ఈ-విద్య కింద ఒకటి నుంచి పన్నెండు వరకూ తరగతికో టీవీ ఛానెల్ ఏర్పాటైంది. నెలసరి అద్దె లేని దూరదర్శన్ ఫ్రీ డిష్ ఉన్న ఇంటివారు ఇంటర్నెట్ ఊసే లేకుండా వాటిని చూడవచ్చు. 1998లో హైదరాబాద్‌లో నెలకొన్న మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం ఉర్దూలో తయారుచేసిన వీడియో పాఠాలను యూట్యూబ్‌లో ఉంచుతోంది. పాఠాలు లేవనే సాకు ఇక చెల్లదు.

మరి లోటు ఎక్కడుంది? మన దేశ గ్రామీణ ప్రాంతాల్లో జరిపిన సర్వే ఆధారంగా వెలువడిన 2024 వార్షిక విద్యాస్థితి నివేదికను చూద్దాం. 14 నుంచి 16 ఏళ్ల పిల్లల్లో ఫోను వాడటం తెలిసినవారిని లెక్కలోకి తీసుకుంటే, గడచిన వారంలో చదువుకు సంబంధించిన పనికి దాన్ని వాడినవారు 57 శాతం. సామాజిక మాధ్యమాలకు వాడినవారు 76 శాతం. సొంత ఫోను ఉన్న మగపిల్లలు 36.2 శాతం కాగా ఆడపిల్లలు 26.9 శాతమే. ఇవి అన్ని మతాల వారికీ కలిపి తీసిన లెక్కలు. మన ఇళ్లలో పరిస్థితి ఇంతకంటే మెరుగ్గా ఉందని చెప్పే ధైర్యం మాకు లేదు. 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో ప్రతి నలుగురిలో ఒకరు బడి ముఖమే చూడలేదనో, చూసి మధ్యలో మానేశారనో సచార్ కమిటీ 2006లో తేల్చి చెప్పింది. ఆ నివేదికను సభల్లో ప్రస్తావించి ప్రభుత్వాలను నిలదీయడం మనకు బాగా అలవాటైంది. నిలదీయవలసిందే. అయితే ఇంటి గడపకు ఇవతల మన చేతిలో ఉన్న పని సంగతేమిటన్నది కూడా ఆలోచించాలి.

2020 సెప్టెంబరు 1 నుంచి తెలంగాణలో బడి పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌ల ద్వారా ప్రసారమయ్యాయి. కరోనా భయంతో బడులు మూతపడిన కాలమది. ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను ఎవరి చేతికి వెళ్లిందో ఎవరికి వారు గుర్తు చేసుకోవచ్చు. అబ్బాయికి ఆన్‌లైన్ క్లాసు, అమ్మాయికి వంటిల్లు. అబ్బా పనిమీద బయటికి వెళ్తూ ఫోను పట్టుకుపోతే ఇద్దరికీ చదువు లేదు. ఆ గడ్డుకాలం పోయినా ఆ పద్ధతి మాత్రం పోలేదు. ఆడపిల్ల చేతికి ఫోను ఇస్తే చెడిపోతుందని భయపడే తండ్రి, అదే ఫోనుతో కొడుకు అర్ధరాత్రి దాకా ఏం చూస్తున్నాడో అడగడు. ఇదెక్కడి న్యాయం? ఫోను మీద భయం అకారణమని మేము అనడం లేదు. భయం ఉంటే అది ఇద్దరి విషయంలోనూ ఉండాలి. అదుపు ఉంటే అదీ ఇద్దరికీ ఉండాలి. హాల్లో అందరి ఎదుటా గంటసేపు పాఠం చూసే అమ్మాయికి, గది తలుపు వేసుకుని రీల్స్ చూసే అబ్బాయికి ఉన్న తేడా ఏ తల్లికైనా తెలుస్తుంది.

ఈ సందర్భంలో ఒక విషయం చెప్పుకోవాలి. నేడు ప్రపంచమంతటా కోట్లాది విద్యార్థులు వాడుకుంటున్న ఖాన్ అకాడమీ ఎలా మొదలైంది? సల్మాన్ ఖాన్ అనే యువకుడు, సినిమా నటుడు కాదు లెండి, అమెరికాలో పుట్టి పెరిగినవాడు, తండ్రిది బంగ్లాదేశ్‌లోని బారిసాల్. 2004లో నాదియా అనే తన బంధువుల అమ్మాయి లెక్కల్లో వెనకబడిందని తెలిసి, దూరాన వేరే ఊళ్లో ఉన్న ఆమెకు ఫోను ద్వారా, కంప్యూటరు ద్వారా పాఠం చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె నేర్చుకోవడం చూసి మిగతా బంధువుల పిల్లలూ చేరారు. అందరికీ విడివిడిగా చెప్పలేక 2006లో పాఠాలను వీడియోలుగా తీసి యూట్యూబ్‌లో ఉంచాడు. 2008లో అది లాభాపేక్ష లేని సంస్థగా మారింది. ఒక కుటుంబం తమ ఇంటి ఆడపిల్ల చదువు గురించి పట్టించుకోవడంతో ఇదంతా మొదలైందన్నది మన తల్లిదండ్రులు గమనించాలి.

ఫీజు లేని చదువు ముస్లింలకు కొత్తది కాదు. మదీనాలో దైవప్రవక్త (స) మస్జిద్‌కు ఆనుకుని ఉన్న సుఫ్ఫా అరుగు మీద ఇల్లూ వాకిలీ లేని పేద సహచరులు ఉండేవారు. ధర్మవిద్య అక్కడే నేర్చుకునేవారు. హజ్రత్ ఉబాదా బిన్ సామిత్ (రజి) వారికి ఖుర్ఆన్‌తో పాటు రాయడం కూడా నేర్పారని హదీసు గ్రంథాలు తెలియజేస్తున్నాయి. బద్ర్ యుద్ధంలో పట్టుబడిన ఖైదీల్లో చదువు వచ్చినవారు పరిహారం చెల్లించలేకపోతే మదీనా పిల్లలకు అక్షరాలు నేర్పి విడుదల పొందవచ్చన్న ఏర్పాటు కూడా చరిత్ర గ్రంథాల్లో ఉంది. ఆ ఖైదీలు ముస్లింలు కారు, యుద్ధానికి వచ్చిన శత్రువులు. అయినా అక్షరం విషయంలో వారి వద్ద నేర్చుకోవడానికి వెనుకాడలేదు. అమెరికావాడు చేసిన పాఠం మనకెందుకని ముఖం తిప్పుకునేవారు ఈ సంఘటనను ఒకసారి మననం చేసుకోవాలి.

ఇక తరగతి గది విషయానికి వద్దాం. మన పిల్లలు చదివే చిన్న ప్రైవేటు బడుల్లో ప్రయోగశాల అనేది తరచుగా బోర్డు మీద పేరే. పదో తరగతి విద్యుత్తు పాఠాన్ని టీచరు నల్లబల్ల మీద గీతలు గీసి చెబుతారు, పిల్లలు గీతలు బట్టీ పడతారు. భౌతికశాస్త్రంలో 2001 నోబెల్ బహుమతి పొందిన కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 'ఫెట్' అనే పథకం ఆరంభించారు. అందులో ప్రయోగాలన్నీ కదిలే బొమ్మల రూపంలో ఉంటాయి. బ్యాటరీ, బల్బు, తీగ, స్విచ్చి తెర మీద వేలితో లాగి కలపవచ్చు. రెండో బల్బు వరుసగా కలిపితే వెలుతురు తగ్గుతుంది, సమాంతరంగా కలిపితే తగ్గదు. బ్యాటరీ రెండు కొసలను నేరుగా తీగతో కలిపితే మంట లేస్తుంది. నిజంగా చేస్తే చేయి కాలుతుంది, ఇక్కడ పిల్లలు నవ్వుతారు, నవ్వుతూ గుర్తుంచుకుంటారు. ఈ బొమ్మల్లో కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. ముందుగా దింపుకుంటే నెట్ లేకుండానే పనిచేస్తాయి.

అయితే బొమ్మను పిల్లల ముందు పడేసి టీచరు కుర్చీలో కూర్చుంటే ప్రయోజనం సున్నా. రెండో బల్బు కలపడానికి ముందే "ఏమవుతుంది? వెలుతురు పెరుగుతుందా, తగ్గుతుందా?" అని అడగాలి. చేతులెత్తించాలి. తప్పు చెప్పిన పిల్లను గద్దించకుండా ఎందుకలా అనుకున్నావని అడగాలి. అప్పుడు కలిపి చూపాలి. ఇందుకు నలభైమందికి నలభై ఫోన్లు అక్కర్లేదు. టీచరు దగ్గర ఒక్కటుంటే, దాన్ని ఒక టీవీకి తగిలిస్తే చాలు. లెక్కల టీచర్లకు జియోజీబ్రా కూడా ఇలాంటిదే. త్రిభుజం కొసను లాగుతూ కోణాల మొత్తం మారదని కళ్లకు కట్టించవచ్చు. మంచి టీచరు చేతిలో ఇవి పదునైన పనిముట్లు. టీచరే లేని చోట ఇవి ఆ లోటు తీర్చవు. ఉర్దూ మాధ్యమ బడుల్లో ఖాళీలు నింపమని అడుగుతుంటే యాప్ ఉంది కదా అనే అధికారులు ఎవరైనా ఉంటే వారికి ఇదే మా సమాధానం.

మన పిల్లలకు మరో ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, పుస్తకంలో ఇంగ్లీషు. ఆంధ్రప్రదేశ్‌లో ఇంట్లోనూ తెలుగే మాట్లాడే ముస్లింలు చాలామంది ఉన్నారు, వారి పిల్లలకు ఉర్దూ మక్తబ్‌లో ఎదురయ్యే కొత్త భాష. ఏ భాషలోనూ పట్టు చిక్కక మూడింటి మధ్య నలిగిపోతున్న పిల్లలను మనమంతా చూస్తున్నాం. ప్రథమ్ బుక్స్ 2015లో ప్రారంభించిన 'స్టోరీవీవర్' వీరికి చాలా ఉపయోగపడుతుంది. అందులోని బాలల కథలు అనేక భాషల్లో ఉన్నాయి. ఒకే కథను, ఒకే బొమ్మలతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ, ఉర్దూలో ఉంటే ఉర్దూలోనూ చదివించవచ్చు. తెలిసిన భాషలో కథ అర్థమైన పిల్ల తెలియని భాషలో మాటలను తానే పోల్చుకుంటుంది.

అంతకంటే ముఖ్యమైన విషయం, ఈ కథలను ఎవరైనా అనువదించి అందులోనే ఉంచవచ్చు. రచయిత పేరు, చిత్రకారుని పేరు తెలియజేస్తే చాలు, అచ్చు వేసుకోవడానికి కూడా అనుమతి ఉంది. ఇలాంటి వాటిని బహిరంగ విద్యా వనరులు అంటారు. యునెస్కో 2002లో ఈ పేరు వాడుకలోకి తెచ్చి, 2019లో వీటిని ప్రోత్సహించాలని సభ్యదేశాలకు సిఫారసు చేసింది. వినగానే మనకు వక్ఫ్ గుర్తుకు రావాలి. పూర్వులు బావి తవ్వించి, సత్రం కట్టించి, గ్రంథాలయం నిలిపి, ఇది అమ్మకానికి కాదు, అందరిదీ అని రాసిచ్చేవారు. ఆ భూముల్లో ఎన్ని కబ్జా అయ్యాయో మనకు తెలుసు. నెట్‌లో ఉంచిన కథను మాత్రం ఎవరూ కబ్జా చేయలేరు. డిగ్రీ చదివి ఇంట్లో ఉంటున్న మన అమ్మాయిల్లో ఉర్దూ, తెలుగు రెండూ చక్కగా రాయగలవారు ఎందరో ఉన్నారు. నెలకో కథ ఉర్దూలోకి తెస్తే, తాము చూడని ఊళ్లలో పిల్లలు దాన్ని చదువుతారు. సదఖా జారియా కోసం తపించేవారికి ఇంతకంటే తేలికైన దారి మాకు కనిపించడం లేదు.

ఉచితం అనే మాట వినిపించగానే నమ్మకూడని చోట్లు కూడా ఉన్నాయి. మొదట ఉచితంగా చూపి, ఇంటికి మనిషిని పంపి, పిల్లవాడి భవిష్యత్తు పేరుతో భయపెట్టి, కాగితాల మీద సంతకం చేయించుకునే వ్యాపారాలు బాగా ప్రబలాయి. ఉచిత సేవల ముసుగులో బ్యాంకు ఖాతా నుంచి తమంతట తామే డబ్బు తీసుకునే అనుమతి పొందుతున్నారని కేంద్ర విద్యాశాఖ 2021 డిసెంబరులోనే తల్లిదండ్రులను హెచ్చరించింది. తాను సంతకం పెట్టింది రుణపత్రమని, ప్రతి నెలా కడుతున్నది కిస్తీ అని ఆలస్యంగా తెలుసుకున్నవారు ఉన్నారు. బిడ్డ చదువు పేరుతో తెలియకుండానే వడ్డీ ఊబిలో దిగడం ఎంత బాధాకరం! బ్యాంకు వివరాలు గానీ, కార్డు నంబరు గానీ అడిగినదేదీ ఉచితం కాదని ఇంటిల్లిపాదీ గుర్తుంచుకోవాలి.

ప్రశ్న అడిగితే క్షణంలో సమాధానం రాసిచ్చే కృత్రిమ మేధ యాప్‌లు 2022 చివరి నుంచి పిల్లల చేతికి కూడా వచ్చాయి. అర్థం కాని లెక్కను మరోలా చెప్పించుకోవడానికి పనికొస్తాయి. హోంవర్కు మొత్తం దానిచేత రాయించుకుంటే పిల్లవాడికి మిగిలేది చేతిరాత మాత్రమే. ధర్మ విషయాల్లో మాత్రం వాటి జోలికి పోవద్దని మా గట్టి సలహా. అవి లేని హదీసును ఉన్నట్టుగా, గ్రంథం పేరు జోడించి మరీ చెప్పగలవు. ఆ ప్రశ్న ఆలిమ్ దగ్గరికి వెళ్లి అడగాలి.

ఇంతకూ మేము కోరేది పెద్ద పథకమేమీ కాదు. ప్రతి మొహల్లాలో మస్జిద్‌కో, మక్తబ్‌కో అనుబంధంగా ఒక గది ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత అది చాలాచోట్ల తాళం వేసి ఉంటుంది. ఖిరాఅత్ వినిపించడానికి, తజ్వీద్ నేర్పడానికి అదే గదిలో ఫోను వాడుతున్నప్పుడు లెక్కలకు, సైన్సుకు వాడటానికి అభ్యంతరం ఎందుకుండాలి? కమిటీ వారు ఒక టీవీ సమకూర్చాలి. ఇంటర్నెట్ ఉన్న ఒకరు వారానికి సరిపడా పాఠాలు ముందే దింపి పెన్‌డ్రైవులో వేసి ఇవ్వాలి. అసర్ నుంచి మగ్రిబ్ దాకా ఉండే సమయంలో మూడు రోజులు మగపిల్లలకు, మూడు రోజులు ఆడపిల్లలకు కేటాయించాలి. ఆడపిల్లల రోజుల్లో చదువుకున్న ఒక అమ్మాయిని పక్కన కూర్చోబెట్టి, పాఠం మధ్యలో ఆపి ప్రశ్నలు అడిగే పని ఆమెకు అప్పగించాలి, ఆమెకు కొంత గౌరవ వేతనం కూడా ఇవ్వాలి. శుక్రవారం పెట్టెలో పడే సొమ్ములోంచి దీనికి కొంత తీయవచ్చా అన్నది ఇమామ్ సాహెబ్, ముతవల్లీ కలిసి తేల్చుకోవాలి. అందుకు వీలు లేకపోతే చందాలు వేసుకునే యువకులు ప్రతి మొహల్లాలోనూ ఉన్నారు.

ఇంట్లో చేయవలసింది ఇంకా తక్కువ. రాత్రి అన్నాలయ్యాక ఒక గంట ఇంటి ఫోను అమ్మాయిది అని తండ్రి అందరి ముందూ చెప్పాలి. ఆ గంటలో వచ్చిన కాల్స్ ఆయన తర్వాత చేసుకోవచ్చు.