బెజవాడలో పేదల నెలవులు

విజయవాడలో పేదలెచ్చట నివసించుచున్నారో తెలిసికొనుటకు జనాభా లెక్కలు తిరుగవేయనక్కరలేదు. కొండవాలులను, కాలువగట్లను, బుడమేరను ఏరు పొంగినపుడు మునుగు పల్లములను చూచిన చాలును. మొగల్రాజపురము, గుణదల, విద్యాధరపురముల కొండలమీద ఒకదానిపై నొకటిగా ఎగబ్రాకిన ఇండ్లును, ఏలూరు, బందరు, రైవసు కాలువల గట్లను ఆశ్రయించిన గుడిసెలును, సింగునగరు, పాయకాపురముల పల్లపు పేటలును ఎవరి అజ్ఞానముచేతనో వెలసినవి కావు.

వన్‌టౌన్ టోకు అంగళ్లయొద్ద తెల్లవారకమున్నే మూటలు మోయవలసిన ముఠాకూలికిని, నాలుగిండ్లలో పాచిపని చేయు స్త్రీకిని నడిచిపోగల దూరముననే గూడు కావలయును. అద్దెయు అడ్వాన్సును తమకందు ఇల్లు చదునునేలపై దొరకనపుడు, కలవారెవ్వరును కోరని నేలయే వారికి మిగులును. కులము దీనికి తోడగును: అద్దె చెల్లింపగలిగిన దళిత కుటుంబమును సైతము కులమడిగి త్రిప్పిపంపు గృహయజమానులు నేటికిని కలరు.

ఇందు ప్రభుత్వముల పాత్రయు స్వల్పము కాదు. 2001లో ఆరంభమైన వాల్మీకి అంబేద్కర్ ఆవాస పథకము పేరున వెలసిన వాంబే కాలనీ బుడమేటి ముంపునేలలోనిదే. 2005లో ఆ యేరు సింగునగరును ముంచినది. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురమున కొండచరియలు ఇండ్లపై విరిగిపడి మనుష్యులు మరణించిరి. మరునాటికే బుడమేటి గండ్లనుండి వచ్చిన నీరు సింగునగరును, వాంబే కాలనీని ముంచెత్తినది. ఒక్క వానకు కొండమీది పేదలును పల్లములోని పేదలును ఏకకాలమున బలియైరి.

అయితే ఆ దినములలోనే ప్రకాశం బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులకు మించిన వరద వచ్చినను, కృష్ణానది ప్రక్కనే యున్న కృష్ణలంకను అచ్చట కట్టిన రక్షణగోడ చాలమట్టుకు కాపాడినది. పేదలను కదలింపకయే కాపాడవచ్చుననుటకు ఇంతకన్న వేరు నిదర్శనమేల? గట్లమీదనుండి తొలగించి ఊరి వెలుపలి జక్కంపూడివంటి కాలనీలకు పంపినచో ఇల్లు దక్కును గాని, దినకూలిలో కొంత ఆటోచార్జీలకే పోవును, తెల్లవారుజామున దొరకు పని చేజారును.

కావున నగరపాలకులకు నా విన్నపమిది. బుడమేటిని వెడల్పుచేసి గట్లు పటిష్ఠపరుపుడు; కొండవాలులకు రక్షణగోడలును, వాననీటి కాలువలును నిర్మింపుడు; నిలువవీలులేని చోటులనుండి తరలింపక తప్పనివారికి, నగరమధ్యమున మిగిలిన ప్రభుత్వభూములను వేలము వేయక, పనికి చేరువగా ఇండ్లు కట్టి యిండు.