"శిక్షణ లేని గొంతు" అనే మాట మీద నా పేచీ

జానపద గాయకుణ్ణి మెచ్చుకోవలసి వచ్చినప్పుడల్లా మన సంగీతజ్ఞులు కొందరు ఒక మాట అంటారు: "శిక్షణ లేకపోయినా ఎంత బాగా పాడుతున్నాడో!" పాలమూరు బిడ్డ, 12 మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడూ ఈ మాట నా చెవిన పడింది. పొగడ్త వేషం వేసుకొచ్చిన తిరస్కారమిది.

శిక్షణ అంటే ఏమిటి? నల్లగొండ గడ్డ మీద సుద్దాల హనుమంతు గారు గొల్లసుద్దుల బాణీని ప్రజాపోరాటానికి మళ్ళించారు. సుద్దులైనా బుర్రకథయినా కథకుడొక్కడితో నడవదు, పక్కన వంత ఉండాలి. కొత్తగా చేరిన వంతగాడికి ఎవరూ ఉపన్యాసమివ్వరు. కథకుడు చరణం చివర విడిచినదాన్ని వాడు ఆ క్షణంలోనే అందుకోవాలి. తప్పితే పక్కవాడి గొంతే వాణ్ణి దారిలో పెడుతుంది. ఏళ్ళ తరబడి, రాత్రుళ్ళ తరబడి ఇదే పని.

మెదడును పరిశోధించేవారు చెబుతున్నదీ దీనికి దూరం కాదు. పాడేటప్పుడు స్వరపేటికను నడిపే మెదడు భాగం ఒంటరిగా పనిచేయదు. అనుకున్న స్వరాన్నీ చెవికి వినిపించిన స్వరాన్నీ పోల్చి, తేడాను సరిచేసుకుంటూ పోతుంది. 2007లో ఫోర్డ్రెషర్, బ్రౌన్ అనే పరిశోధకులు ఒక ముఖ్యమైన సంగతి చూపించారు. శ్రుతి తప్పి పాడేవారిలో చాలామందికి వినికిడిలో లోపమేమీ లేదు; స్వరాల తేడా వారికి బాగానే తెలుస్తుంది. విన్నదాన్ని గొంతుకు అప్పగించే దగ్గరే చిక్కు.

మిత్రులారా, ఈ ఒక్క సంగతికే మన బళ్ళలో ఎన్ని తీర్పులు తిరగరాయాలో ఆలోచించండి. "నీకు శ్రుతిజ్ఞానం లేదు, ఊరికే పెదవులు కదుపు" అని పంద్రాగస్టు పాటల వరసలో వెనక్కి నెట్టబడ్డ పిల్లలు మా మహబూబ్‌నగర్ జిల్లాలో నాకు తెలిసే ఎందరో. చెవి బాగున్నవాడి గొంతు మూయించడం వైద్యమా? వాడికి కావలసింది విని వెంటనే తిరిగి పాడే అభ్యాసం. అంటే వంత!

అలాగని పల్లె పద్ధతికి హారతి పట్టడం నా ఉద్దేశం కాదు. చుట్టూ రొద పెరిగితే మనిషి తెలియకుండానే గొంతు పెంచుతాడని లొంబార్డ్ అనే ఫ్రెంచి వైద్యుడు 1911లోనే రాశాడు. ఆరుబయట, గుమ్మెటల మోతలో తెల్లవార్లూ పాడినవాడి గొంతు బొంగురుపోవడం విధిరాత కాదు. ఒపెరా గాయకుల మీద 2010లో క్లెబర్ బృందం చేసిన అధ్యయనంలో, సాధన పెరిగినకొద్దీ స్వరపేటిక స్పర్శను గ్రహించే మెదడు భాగం పాడేటప్పుడు మరింత చురుగ్గా పనిచేస్తున్నట్టు కనబడింది. గొంతు లోపలి బిగువును గమనించడం నేర్పవచ్చునని నాకు దీన్నిబట్టి అనిపిస్తుంది. సంగీతం మాస్టార్లు మన కళాకారులకు నిజంగా ఇవ్వగలిగినది ఇక్కడుంది. ఇచ్చినవారు అరుదు.

ఇక "కుడి మెదడును మేల్కొలిపే సంగీత శిక్షణ" అని బోర్డు కట్టి ఫీజులు గుంజే దుకాణాల గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. పాటకు రెండు వైపులా పని ఉంది.

నాగర్‌కర్నూలు, దేవరకొండ పల్లెల్లో వంత పాడిన వృద్ధులు ఇంకా ఉన్నారు. వారానికి రెండు పూటలు వారిని బడికి పిలిచి, సంగీతం మాస్టారికిచ్చే జీతమే లెక్కగట్టి ఇవ్వండి. "అతిథి కళాకారుడు" అని శాలువా కప్పి పంపేయకండి, రిజిస్టరులో ఉపాధ్యాయుడని రాయండి.